ప్రతినిధి మేక

"గోదావరి జిల్లాల్లో ఇక మీదట ఏ మేకా తన కార్జంలో ఎంత విటమిన్ ఉందో తెలియకుండా చచ్చిపోదు!" అని రాష్ట్ర పశుపోషక వనరుల మంత్రి కుక్కుటేశ్వరరావు గారు కొవ్వూరు సభలో ప్రకటించారు.

సభ చప్పట్లతో మోగిపోయింది. స్వతంత్రం వచ్చాక ఇంత గొప్ప మాట ఏ నాయకుడూ అనలేదు. రోడ్లు వేస్తామన్నవాళ్ళున్నారు, కాలవల్లో పూడిక తీస్తామన్నవాళ్ళున్నారు. అవన్నీ చెయ్యకపోతే జనానికి కనిపించిపోయే పనులు. మేక కార్జంలోకి తొంగిచూసి లెక్క అడిగేవాడెవడు? మంత్రిగారి దూరదృష్టి అలాంటిది.

ఈ పథకం ఊరికే పుట్టలేదు. ప్రభుత్వ హాస్టల్లో పిల్లలకి రేచీకటి వస్తోందని, సాయంత్రమైతే గోడలకి గుద్దుకుంటున్నారని పేపర్లో పడింది. విటమిన్ ఏ లేకపోవడం వల్లనట. అయితే పిల్లలకి ఇంత ఆకుకూరో, గుడ్డో పెట్టండని కొందరు తెలివితక్కువవాళ్ళు అన్నారు. మంత్రిగారు తొందరపడే మనిషి కాదు. పిల్లల్లో లేని విటమిన్ ఎక్కడుందో ముందు తేలాలన్నారు. అది మేక కార్జంలో ఉందని అధికారులు చెప్పారు. అయితే దాన్ని కొలవాలన్నారు. ప్రయోగశాల శాంక్షనైపోయింది. పిల్లలు ఇంకా గుద్దుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి.

సభకి కుర్చీలు, మైకు, దండలు, జనం అన్నీ సమకూర్చినవాడు బుల్లిరాజు. వయసంతా పార్టీ జెండాలు కట్టడంలోనే గడిపాడు. పంచాయతీ సమితి ప్రెసిడెంటు టిక్కెట్టు ఒక్కటే అతని జీవితాశయం. ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఈ పథకం గట్టెక్కితే టిక్కెట్టు నీదేనని మంత్రిగారు సూచనగా భుజం తట్టి ఉన్నారు.

అంతా సవ్యంగా జరిగిపోతుండగా ఆడవాళ్ళ వరసలోంచి సూరమ్మ లేచింది. నాట్లకీ కోతలకీ వెళ్ళే కూలిమనిషి. ఇంట్లో కట్టేస్తే కుక్కలు పీకుతాయని మేకని కూడా సభకి తోలుకొచ్చింది. నల్లమేక, సూరమ్మకున్న ఆస్తల్లా అదే.

"కార్జం తీత్తే మేక చచ్చిపోద్ది కదండీ బాబూ?" అంది.

మంత్రిగారు నవ్వారు. "ఎవరమ్మా నువ్వు? అదంతా పాతకాలం. ఇప్పుడు సైన్స్ వచ్చింది. నీ మేకతోనే మొదలెడతాం. ఒక్క వెంట్రుక రాలదు. కొలుస్తాం, మళ్ళీ తెచ్చి నీ చేతికే ఇస్తాం. ఏమంటారు, ఇద్దామా?"

"ఇద్దాం!" అని మేకలు లేనివాళ్ళంతా అరిచారు.

"నేనియ్యనండి," అంది సూరమ్మ. అప్పటికే మేక జీపులో ఉంది.

జీపెక్కుతూ మంత్రిగారు బుల్లిరాజు చెవిలో అన్నారు. "ఒరే, విన్నావుగా? మేక ప్రాణంతో తిరిగెళ్ళాలి. దాని కార్జం లెక్క పేపర్లో పడాలి. రెండూ జరగాలి. అప్పుడు మాట్లాడదాం నీ టిక్కెట్టు సంగతి."

ప్రయోగశాల అంటే ఊరి శివార్లో పొగాకు ఆరబెట్టే ఒక పాత బ్యారన్. కిటికీల్లేవు. మధ్యాహ్నం పూట కూడా లోపల మనిషికి మనిషి ఆనడు. హైదరాబాదు నుంచి వచ్చిన కెమిస్టు నాగేశ్వరప్రసాద్ దాన్ని చూసి మొదట ఏడ్చి, తర్వాత సంతోషించాడు.

"విటమిన్ ఏకి వెలుతురు పడదండి. కాస్త ఎండ తగిలినా పాడైపోతుంది. పరికరాలు కావాలి, చీకటిగది కావాలి అని ఇండెంటు పెట్టాను. ఓ పాత మిషన్ పడేశారు గానీ, గవర్నమెంటు నుంచి అడిగింది అడిగినట్టు వచ్చింది చీకటొక్కటే," అన్నాడు బుల్లిరాజుతో.

"ఇంతకీ కొలవడం ఎలాగండి?"

నాగేశ్వరప్రసాద్‌కి ఉత్సాహం వచ్చింది. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "కార్జం ముక్కని మెత్తగా నూరతామండి. ఆల్కహాల్లో పొటాష్ కలిపి, అందులో ఉడికిస్తాం. కొవ్వంతా సబ్బైపోతుంది. విటమిన్ సబ్బవ్వదు, దాన్ని ఈథర్లోకి లాగేస్తాం. ఈథర్ ఎగిరిపోయాక మిగిలిందాన్ని క్లోరోఫాంలో కలిపి యాంటిమొనీ మందు పోస్తాం. నీలం రంగొస్తుంది. ఎంత నీలమైతే అంత విటమిన్. కాకపోతే ఆ నీలం నిలవదండి. ఇలా వచ్చి అలా పోతుంది. ఆ లోపలే మిషన్లో పెట్టి చూసుకోవాలి."

"అర్థమైందండి. మంత్రిగారి పర్యటన లాంటిదన్నమాట. ముక్క ఎంత చాలు?"

"గోరంత చాలండి."

"మరింకేం! గోరంత తీసుకుని మేకని వదిలెయ్యండి."

"కార్జం లోపలుంటుందండీ."

"తెరవడానికి వీల్లేదా?"

"మేకనా? తెరవచ్చండి. మళ్ళీ మూస్తే బతకదు."

"సూదేసి లాగలేరా?"

"పెద్ద ఊళ్ళల్లో లాగుతారని చదివాను. సూదికి ఇండెంటు పెట్టాను. చీకటొక్కటే వచ్చిందని చెప్పాను కదండీ."

"చూడండి ప్రసాద్ గారూ. మంత్రిగారు కొయ్యొద్దన్నారు."

"అయితే కొలవలేమండి."

"కొలుస్తామన్నారు."

"అయితే కొయ్యాలండి."

"కొయ్యొద్దన్నారు."

ఈ శాస్త్ర చర్చ పొద్దుగూకేదాకా నడిచింది. గేటు బయట సూరమ్మ అవిసాకు మోపుతో కూర్చుని ఉంది. "కొలిచారాండీ బుల్లిరాజు గారండీ?" అంది. "కొలుస్తున్నాం," అన్నాడు బుల్లిరాజు. ఆకు లోపలికెళ్ళింది. సూరమ్మని వెళ్ళనివ్వలేదు. ప్రయోగశాలలోకి బయటివాళ్ళు రాకూడదు. మర్నాడు కూడా అంతే. ఆ తర్వాతా అంతే.

చిక్కు విడదీయడానికి ఒక కమిటీ వేశారు. నాగేశ్వరప్రసాద్, పశువుల డాక్టరు జగన్నాథరావు, ప్రజల తరఫున బుల్లిరాజు. కమిటీ మూడు ప్లేట్ల పెసరట్లు తిన్నా దారి దొరకలేదు. నాలుగో ప్లేటుకి బుల్లిరాజు బుర్రలో దీపం వెలిగింది.

"అయ్యా, మనం ఢిల్లీ వెళ్ళామా? వెళ్ళలేదు. మన తరఫున ఒకాయన వెళ్ళాడు. ఆయన అక్కడ తింటే మనం తిన్నట్టే లెక్క. అవునా?"

"అవును," అన్నాడు జగన్నాథరావు.

"అలాగే సూరమ్మ మేక తరఫున ఇంకో మేక. దాని కార్జం దీని కార్జమే. ప్రజాస్వామ్యం అంటేనే అది."

"మనం పంపినాయన్ని ఎవరూ కొయ్యరు కదయ్యా?"

"ఆ సదుపాయం ఇంకా మనుషులకి రాలేదండి."

తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. జంగారెడ్డిగూడెం సంతలో ఒక నల్లమేకని కొని తెచ్చారు. రెండింటినీ చీకట్లో పక్కపక్కనే కట్టేశారు. జగన్నాథరావు గారు గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, రెండు మేకలకీ శాస్త్రరీత్యా ఎలాంటి తేడా లేదని సర్టిఫై చేశారు. లోపల వాసనగా ఉంది మరి.

మంత్రిగారు కొలత చూడ్డానికి వస్తానన్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే చిట్టియ్యని పిలిపించారు. ఆదివారాలు ఊళ్ళో మేకని కోసి వేట వేసేది అతనే. చిట్టియ్య లోపలికెళ్ళి గోడకి ఆనుకుని గుమ్మం వైపు తిరిగాడు. బుల్లిరాజు గుమ్మంలోనే ఉన్నాడు.

"దీపం తెమ్మంటారాండి?"

"వద్దురోయ్, వెలుతురు తగిలితే విటమిన్ పోద్ది. ఎడం పక్కదాన్ని తీసుకో."

"చిత్తం," అని చిట్టియ్య తడుముకుంటూ తన ఎడం పక్కదాన్ని విప్పుకుపోయాడు.

గుమ్మం బయట వేట అయ్యాక నాగేశ్వరప్రసాద్ కార్జాన్ని చేతులారా ఐసు పెట్టెలో పెట్టి, నల్లగుడ్డ కప్పి, జీపు డ్రైవరు ఏసురాజుకిచ్చి, "వేడి తగలకుండా జాగ్రత్తగా తీసుకెళ్ళవయ్యా," అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. ప్రయోగశాల పది అడుగుల్లో ఉంది కాబట్టి చెప్పక్కర్లేదనుకున్నాడు. ఆయన హైదరాబాదు మనిషి. ఈ ప్రాంతంలో మంత్రి ఊళ్ళో ఉన్న రోజున మేక కార్జం ఎక్కడికెళుతుందో ఆయనకి తెలియదు. ఏసురాజుకి తెలుసు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ మంత్రి వచ్చినా కార్జాన్ని తిన్నగా ట్రావెలర్స్ బంగళాకి చేర్చినవాడు. వేటలో మొదటి ముక్క పెద్ద మనిషి విస్తట్లో పడాల్సిందే. పైగా ఈసారి ఐసు కూడా పెట్టారు, నల్లగుడ్డ కప్పారు. ఈ మంత్రి ఇంకా పెద్దవాడై ఉంటాడనుకుని ఏసురాజు జీపు ఇంకాస్త జోరుగా నడిపాడు.

బంగళాలో వంటమనిషి సంపూర్ణమ్మ మిరియాలు దంచి, ఉల్లిపాయలు వేసి, దోరగా వేయించింది. వడ్డించినవాడు బుల్లిరాజే.

"కార్జం భలే ఉందిరా," అన్నారు మంత్రిగారు.

"మీ దయండి. ఇంకో రెండు ముక్కలు వేయించుకోవాలి. ఈ ఒక్కసారికీ."

అప్పుడు సైకిలు మీద నాగేశ్వరప్రసాద్ రొప్పుతూ వచ్చాడు. బుల్లిరాజుని వసారాలోకి లాగాడు.

"ఐసు పెట్టె ఏదండీ?"

"ఏ ఐసు పెట్టె?"

"నల్లగుడ్డ కప్పిందండీ. ప్రతినిధి కార్జం."

బుల్లిరాజు గరిటెతోనే వెనక్కి తిరిగాడు. కిటికీలోంచి విస్తరి వైపు చూశాడు. ఆఖరి ముక్క మంత్రిగారి వేళ్ళ మధ్య ఉంది. అదీ వెళ్ళిపోయింది. మంత్రిగారు తృప్తిగా తేన్చారు.

"సంపూర్ణమ్మా, గిన్నెలో ఏమన్నా మిగిలిందా? గోరంత చాలు!" అని బుల్లిరాజు వంటింటి వైపు కేకేశాడు.

"మంత్రుల భోజనంలో కార్జం మిగలడం ఈ బంగళాలో ఎప్పుడన్నా చూశారేంటండీ?" అంది సంపూర్ణమ్మ నొచ్చుకుని.

నాగేశ్వరప్రసాద్ మెట్ల మీద కూలబడ్డాడు. "కార్జం లేకపోతే విటమిన్ లేదు. విటమిన్ లేకపోతే నీలం రాదండి."

"నీలమేగా మీక్కావలసింది?" అన్నాడు బుల్లిరాజు. తన తెల్ల పంచె వైపు చూసుకున్నాడు. నాయకుల పంచెలకి ఆ తెలుపు ఊరికే రాదు. తిన్నగా చాకలి గదికెళ్ళి నీలిమందు పొట్లం పట్టుకొచ్చాడు.

ఆ సాయంత్రం బ్యారన్ ముందు షామియానాలో వందలాది ప్రజల సమక్షంలో పరీక్ష జరిగింది. నాగేశ్వరప్రసాద్ కళ్ళు మూసుకుని గాజుగొట్టంలో మందు పోశాడు. గొట్టం నీలమైంది. అలాంటి ఇలాంటి నీలం కాదు. అసలైన నీలం క్షణాల్లో పోవాలి. మన నీలం మంత్రిగారి ఉపన్యాసం అయ్యేదాకా చెక్కుచెదరలేదు. మిషన్లో పెడితే ముల్లు ఆ చివరికెళ్ళి కొట్టుకుని, మళ్ళీ ఇవతలికి రానంది. సూరమ్మ మేకలో విటమిన్ కొలతకందనంత ఉందని మంత్రిగారు ప్రకటించారు. మాటిచ్చినట్టే మేకని సభలోకి నడిపించారు. పాదాల దాకా జరీ శాలువా కప్పారు, మెడలో మోయలేనన్ని దండలు వేశారు. అంతటి మేకకి రక్షణ కావాలి కనుక సూరమ్మని గేటు బయటే ఆపారు.

రాజమండ్రి నుంచి వచ్చిన విలేకరి వీరబ్రహ్మం లేచాడు. "సార్, కార్జం తీసి కొలిచామన్నారు. మేకేమో బతికే ఉంది. ఎలాగండీ?"

బుల్లిరాజు టిక్కెట్టు కళ్ళముందే గోదాట్లో కొట్టుకుపోతోంది. మంత్రిగారు మాత్రం తొణకలేదు.

"అదేనయ్యా మా ప్రభుత్వం సాధించింది! కార్జం లేకుండా బతుకుతున్న మేక. ప్రపంచంలో ఇదే మొదటిది. రాసుకో."

మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే వార్త. వారం తిరక్కుండా ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. మేకలకి కార్జం అవసరం లేదని రుజువైంది కనుక రెండు జిల్లాల మేకల కార్జాలూ సేకరించి హాస్టల్ పిల్లలకి పెడతారు, మేకల్ని ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తారు. జనం కృతజ్ఞత పట్టలేక మేకల్ని రెండు జిల్లాల పొలిమేర అవతల ఉన్న చుట్టాలిళ్ళకి తరలించారు. బస్సుల్లో ముసుగేసుకున్న ముసలమ్మలు మే, మే అంటుంటే కండక్టర్లు ఫుల్ టిక్కెట్టు కొట్టారు.

ఆ జోరులో ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. డాక్టర్ రమాదేవి అనే నిపుణురాలు స్వయంగా వస్తున్నారు. మేకని కోసి, లోపల కార్జం లేదని కళ్ళారా చూసి, అంతర్జాతీయ సభల్లో చెబుతారు.

మంత్రిగారు బుల్లిరాజుని పిలిపించారు. "చూస్తే ఏమవుద్దిరా?"

"ఉంటుందండి."

"ఏంటి?"

"కార్జమండి."

"ఎందుకుంది?"

"మొదట్నుంచీ ఉందండి."

మంత్రిగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "అయితే ఆవిడొచ్చేలోగా మేకని సూరమ్మకిచ్చెయ్. సొంతదారు ఒప్పుకోకుండా ఎవరి మేకనీ ఎవరూ కొయ్యలేరు. పెద్ద సభ పెట్టు. అందరి ముందూ ఇది నా మేకేనని ఆవిడ చెప్పాలి. చెప్పిందా, ఆ సభలోనే నీ టిక్కెట్టు ప్రకటించేస్తా. దండ కూడా తెప్పించుకో."

బుల్లిరాజు దండ తెప్పించుకున్నాడు. బంతిపూలు కాదు, గులాబీలు. భార్య రామతులసి ఇస్త్రీ పంచె తీసిచ్చింది. "ఆ సూరమ్మ రోజూ పొద్దున్నే వీధి గుమ్మంలో నిలబడి నా మేకేది, నా మేకేదంటా ఉంటే సిగ్గుతో చస్తున్నాను. ముందు దానిది దానికిచ్చెయ్యండి బాబూ," అంది.

సభకి జనం విరగబడి వచ్చారు. సూరమ్మని వేదికెక్కించారు. మంత్రిగారు మేక తాడు ఆమె చేతిలో పెట్టారు. ఫొటోలు తీశారు.

సూరమ్మ మేక మెడలోంచి దండలు తీసింది. శాలువా తొలగించింది. ముందు వైపు చూసింది. వెనక్కెళ్ళి వంగి చూసింది.

"ఇది నా మేక కాదండి," అంది మైకులో.

"సరిగ్గా చూడమ్మా," అన్నారు మంత్రిగారు.

"నా మేకకి ఎడం చెవి చీలుందండి. కుక్క పీకింది. దీని చెవులు బాగున్నాయండి."

"కార్జం తీసేస్తే పోలికలు కాస్త మారతాయమ్మా. ఏం డాక్టరు గారూ?"

"మారవని చెప్పలేమండి. రక్తం శుభ్రపడి చీలిక పూడే అవకాశం ఉంది," అన్నాడు జగన్నాథరావు.

"నాది పాలిచ్చే మేకండి. ఇది పోతు!"

సభంతా వంగి చూసింది. జగన్నాథరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అరుదుగా..." అని ఆగిపోయాడు.

బుల్లిరాజుకి బ్యారన్ గుమ్మం గుర్తొచ్చింది. తను గుమ్మంలోంచి ఎడం పక్క అన్నాడు. చిట్టియ్య ఎదురుగా నిలబడి తన ఎడం పక్క చూసుకున్నాడు. మంత్రిగారికి రెండోసారి వడ్డించిన ఆ ముక్కలు ఎవరివో ఇప్పుడు తెలిసింది.

జనంలో గుసగుస మొదలైంది. సభ చివర ఢిల్లీ నిపుణురాలి కారు కూడా ఆగింది. మంత్రిగారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి సూరమ్మ వైపు వంగారు. బుల్లిరాజు పక్కనే ఉన్నాడు కాబట్టి అంతా వినిపించింది.

"నీకేం కావాలమ్మా?"

"నా మేకండి."

"అది కాకుండా."

సూరమ్మ పళ్ళెంలో ఉన్న గులాబీల దండ వైపు చూసింది. "బుల్లిరాజు గారికేదో ఇత్తన్నారంట కదండీ. ఏంటండి అది?"

"సమితి ప్రెసిడెంటు టిక్కెట్టు."

"అది మేక కంటే ఎక్కువాండి?"

మంత్రిగారు ఆ రోజుకి ఒక నిజం చెప్పారు. "దాన్ని నువ్వు మేపక్కర్లేదమ్మా. అదే నిన్ను మేపుద్ది."

రమాదేవి గారు వేదిక మీదికి వచ్చారు. "ఈ మేక ఎవరిదండీ?" అని అడిగారు.

సూరమ్మ మైకు దగ్గరికి జరిగింది. గొంతు సవరించుకుంది. "నాదేనండి. కార్జం తీత్తే మారదేంటండి మరి. చెవి మారింది, పోలిక మారింది, అదీ మారింది. నా మేక నాకు తెలీదాండి?"

"కోసి చూడ్డానికి మీకు అభ్యంతరం లేదు కదా?"

"ఒక్క ఎంట్రుక రాలదని మంత్రిగారు మాటిచ్చారండి. ఆరి మాటంటే నాకు గురండి."

చప్పట్లు మిన్నంటాయి. రమాదేవి గారు అందరి మొహాలూ ఒకసారి చూసి, చేసేదేం లేక వెళ్ళి కారెక్కారు. మంత్రిగారు గులాబీల దండ తీసి సూరమ్మ మెడలో వేశారు. బడుగు వర్గాల ఆశాజ్యోతి అన్నారు, కాబోయే సమితి ప్రెసిడెంటు అన్నారు. జై కొట్టించమని బుల్లిరాజు వైపు చూశారు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ బుల్లిరాజు చెయ్యి దానంతటదే లేచింది. జై కొట్టించాడు.

జయజయధ్వానాల మధ్య సూరమ్మ నమస్కారాలు పెట్టబోయింది. చేతిలో తాడు అడ్డొచ్చింది. ఇటూ అటూ చూసి బుల్లిరాజుకి అందించింది.

"దీనికి కాసింత ఆకెయ్యి, బుల్లిరాజూ," అంది.